ట్యూషన్ బల్ల: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం విశాఖ నుంచే వచ్చాయి. పదో తరగతి పిల్లలకు ఇంట్లో ట్యూషన్ చెప్పేవాళ్ళు కొందరు, పిల్లల్ని ట్యూషన్‌కి పంపేవాళ్ళు కొందరు. ఒకే రకం ప్రశ్నల్ని ఒకటిగా కలిపేశాం.

ప్రశ్న: గాజువాకలో ఇంటి దగ్గరే ఆరుగురు పిల్లలకు చెబుతున్నాను. లెక్క తెస్తారు, చేసి చూపిస్తాను, అర్థమైందంటారు. మర్నాడు అదే లెక్క అంకెలు మార్చి ఇస్తే పెన్ను కదలదు. నా వైపు లోపం ఏమిటి?

జవాబు: మాస్టారూ, లెక్క మీరు చేస్తున్నారు, అదే లోపం. పక్కవాళ్ళు చేస్తుంటే చూడ్డానికి ప్రతి లెక్కా సులువే. పెన్ను పిల్లవాడి చేతికిచ్చి ఎక్కడ ఆగుతాడో చూడండి. ఆగే చోట్లు మూడే ఉంటాయి: ప్రశ్న చదవడం, దారి ఎంచుకోవడం, కూడికలూ తీసివేతలూ. మూడింటికీ మందు వేరు. ప్రశ్నే బోధపడనివాడికి సూత్రం పదిసార్లు చెప్పినా ఉపయోగం ఉండదు.

త్రికోణమితి లెక్క ఒకటి తీసుకుందాం. 60 మీటర్ల ఎత్తు నుంచి లైట్‌హౌస్ దీపం దగ్గర నిలబడి చూస్తే, ఒకే వైపు ఒకే వరసలో ఉన్న రెండు ఓడలు 30°, 45° నిమ్నకోణాల్లో కనిపించాయి. ఓడల మధ్య దూరం ఎంత? లైట్‌హౌస్ ఉన్న మన కొండ డాల్ఫిన్స్ నోస్‌ను రోజూ చూసే పిల్లలకు ఈ దృశ్యం ఊహించుకోవడం కష్టమేమీ కాదు (60 అన్నది లెక్క కోసం వేసుకున్న అంకె లెండి). 45° ఓడ 60 మీటర్ల దూరంలో, 30° ఓడ 60√3, అంటే 103.92 మీటర్ల దూరంలో ఉంటాయి. తేడా 43.92 మీటర్లు.

ఆరుగురిలో ఒకరిద్దరికి 25.36 వస్తుంది. ఆ అంకె కనబడితే బొమ్మ చూడకుండానే తప్పు చెప్పేయొచ్చు. నిమ్నకోణాన్ని నిలువు స్తంభానికీ చూపు గీతకూ మధ్య పెట్టాడు. నిమ్నకోణాన్ని కొలవాల్సింది కంటి ఎత్తులో గీసిన అడ్డగీత నుంచి కిందికి. ఆ అడ్డగీత గీయకపోవడం వల్లే ఇదంతా. గీస్తే ఏకాంతర కోణాలు సమానం కాబట్టి అదే 30° ఓడ దగ్గరికి దిగుతుంది. అక్కణ్ణుంచి టాన్ 30° అంటే 60 బై దూరం అని రాసుకోవచ్చు.

దీన్ని మీరు వివరించకండి. "ఏ ఓడ దూరంగా ఉంది?" అని ఒక్క ప్రశ్న అడగండి. ఓడ దూరమయ్యే కొద్దీ చూపు అడ్డగీతకు దగ్గరవుతుంది, కోణం తగ్గుతుంది. వాడి బొమ్మలో 30° ఓడ 34.64 మీటర్ల దగ్గరుంది, 45° ఓడ 60 దగ్గరుంది. తిరగబడిందని వాడికే తెలుస్తుంది. రబ్బరు వాడే తీసుకుంటాడు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మర్నాటి పరీక్షకు 30°, 60° జంట ఇవ్వకండి. కోణాలు తప్పు చోట పెట్టినా 34.64, 103.92 ఒకదాని స్థానంలో ఒకటి మారతాయి తప్ప తేడా మారదు. రెండు విధాలా 69.28 వస్తుంది, తప్పు దాక్కుంటుంది. గైడ్లలో ఈ జంటే ఎక్కువ కనిపిస్తుంది. 30°, 45° గానీ 45°, 60° గానీ ఇస్తే గుట్టు బయటపడుతుంది. ఆ తర్వాత దూరం ఇచ్చి ఎత్తు కనుక్కోమనండి. అంకెలు మార్చడం కన్నా, ఇచ్చినదాన్నీ అడిగినదాన్నీ తారుమారు చేయడమే అసలైన పరీక్ష.

ఆరుగురి పక్కనా కూర్చోవడం ఎలా అంటారేమో. అందరికీ ఒకే లెక్క, ఎనిమిది నిమిషాలు. మీరు వెనక నుంచి తిరుగుతూ చిన్న పుస్తకంలో పేరు పక్కన ‘చదవడం’, ‘దారి’, ‘లెక్కింపు’ అని ఏదో ఒకటి రాసుకోండి. రెండు వారాలకు ఎవరికి ఏది తక్కువైందో ఆ పుస్తకమే చెబుతుంది. చాలామంది మాస్టార్లు ‘దారి’ తక్కువని అనుకుంటూ ఉంటారు. ఇబ్బంది ఎక్కువగా ‘చదవడం’ దగ్గరే ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయికి భౌతికశాస్త్రం సూత్రాలన్నీ నోటికొచ్చు. దర్పణాల లెక్కల్లో మాత్రం జవాబు తలకిందులవుతోంది. ట్యూషన్ మేడమ్ ‘గుర్తులు చూసుకో’ అంటున్నారు, అంతకు మించి చెప్పడం లేదు. (ఎంవీపీ కాలనీ నుంచి ఒక తల్లి)

జవాబు: ‘గుర్తులు చూసుకో’ అంటే ఎక్కడ చూసుకోవాలో కూడా చెప్పాలి కదమ్మా. సూత్రం రాయకముందే పేజీకి ఎడమ పక్కన మూడు వరసలు రాయించండి: వస్తుదూరం, నాభ్యంతరం, ప్రతిబింబ దూరం. ప్రతిదానికీ అంకె కన్నా ముందు గుర్తు వేయాలి. దర్పణ ధ్రువం నుంచి కొలుస్తాం. దర్పణం మీద పడే కాంతి వెళ్ళే దిశలో కొలిస్తే ధనాత్మకం, ఎదురు దిశలో కొలిస్తే రుణాత్మకం.

ఉదాహరణకు పుటాకార దర్పణం నాభ్యంతరం 15 సెంటీమీటర్లు, వస్తువు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంది. వస్తుదూరం −10, నాభ్యంతరం −15. ప్రతిబింబ దూరం విలోమం = 1/నాభ్యంతరం − 1/వస్తుదూరం = −1/15 + 1/10 = 1/30. కాబట్టి ప్రతిబింబం +30 దగ్గర, అంటే దర్పణం వెనక ఏర్పడుతుంది. మిథ్యా ప్రతిబింబం, నిటారుగా, మూడింతలు పెద్దది. గుర్తులు వేయకుండా చేస్తే 1/15 − 1/10, అంటే −30 వస్తుంది. అమ్మాయి దాన్ని చూసి నిజ ప్రతిబింబం, దర్పణం ముందు అని రాసేస్తుంది. అంకె సరైనదే, వాక్యం మొత్తం తప్పు.

దీనికి కాపలా సూత్రంలో లేదు, బొమ్మలో ఉంది. వస్తువు నాభి కన్నా దగ్గరగా ఉంటే పుటాకార దర్పణం మిథ్యా ప్రతిబింబాన్నే ఇస్తుంది. 10 అనేది 15 కన్నా తక్కువ. లెక్క మొదలెట్టకముందే ‘మిథ్యా, పెద్దది’ అని పెన్సిల్‌తో మూలన రాసుకోమనండి. చివర్లో వచ్చింది దానికి సరిపోకపోతే గుర్తు ఎక్కడో జారిందన్నమాట. ఇంకొకటి, తెలిసిన విలువలకు ఒకసారి గుర్తు వేశాక తెలియని దానికి మనం గుర్తు వేయకూడదు, అది లెక్కలోంచే రావాలి. ‘ప్రతిబింబం ముందు ఉంటుందేమో’ అనుకుని దానికీ మైనస్ వేసేవాళ్ళకు లెక్క రెండోసారి తిరగబడుతుంది.

రసాయన సమీకరణాల తుల్యం గురించి కూడా రాశారు. అక్కడ పిల్లలు చేసే తప్పు ఒక్కటే, పదార్థం ముందు అంకె వేయాల్సింది పోయి లోపలి చిన్న అంకెను మార్చేస్తారు. నీటి (H₂O)లోని 2ను 3 చేస్తే అది నీరు కాదు. ఇనుము, నీటి ఆవిరి చర్యలో 3 ఇనుము, 4 నీరు కలిసి 1 ఐరన్ ఆక్సైడ్, 4 హైడ్రోజన్ వస్తాయి. ముందు ఐరన్ ఆక్సైడ్‌తో మొదలెట్టమనండి. దానిలో 3 ఇనుము, 4 ఆక్సిజన్ ఉన్నాయి కాబట్టి ఎడమవైపు రెండు అంకెలూ తిన్నగా వచ్చేస్తాయి.

ప్రశ్న: మా గుంటడు ఇంగ్లీషు మీడియం. తెలుగు పరీక్షలో పద్యపాదానికి గురులఘువులు పెట్టమంటే జుట్టు పీక్కుంటాడు. నేను అయిదో క్లాసు దాకా చదివాను, పద్యాలు బాగా వచ్చు. నేను నేర్పగలనా? (భీమిలి నుంచి ఒక అమ్మమ్మ)

జవాబు: మీరే నేర్పాలి అమ్మమ్మగారూ, రాగంతో పద్యం చెప్పే నోరు ఉంటే సగం పని అయిపోయినట్టే. ముందు పద్యం వదిలేయండి. ఊరి పేరుతో మొదలెట్టండి: ‘విశాఖపట్నం’. చప్పట్లు కొడుతూ పలకమనండి. వి చిన్నది (లఘువు), శా పెద్దది (గురువు), ఖ చిన్నది. ఆ తర్వాత ‘ప’. చూడ్డానికి చిన్నదే గానీ వెనకాల ‘ట్న’ అనే సంయుక్తాక్షరం ఉంది కాబట్టి ఊనిక పడుతుంది, గురువవుతుంది. ‘ట్నం’ సున్నా ఉంది కాబట్టి గురువు. మొత్తం లఘువు గురువు లఘువు, గురువు గురువు. మొదటి మూడూ జగణం, మిగిలిన రెండూ గగం.

పిల్లలు చేసే పెద్ద తప్పు, సంయుక్తాక్షరాన్నే గురువు చేయడం. ‘అమ్మ’లో గురువు అ, మ్మ కాదు. బరువు ముందున్న అక్షరం మోస్తుంది. దీన్ని దాటాక రెండో గొయ్యి వట్రసుడి (ృ గుర్తు). ‘చక్రం’లో చ గురువు, ఎందుకంటే క్ర సంయుక్తం. ‘ప్రకృతి’లో ప్ర మాత్రం లఘువే, కృ సంయుక్తం కాదు కాబట్టి. కంటికి రెండూ ఒకలాగే ఉంటాయి, చెవికి తేడా తెలుస్తుంది. అందుకే మీ నోరు కావాలన్నాం.

ఇక వృత్తం పేరు గుర్తుపట్టడానికి ఇరవై అక్షరాలూ విడగొట్టక్కర్లేదు. మొదటి మూడు అక్షరాల గణం చాలు. ఉత్పలమాల భగణంతో (గురువు, రెండు లఘువులు), చంపకమాల నగణంతో, శార్దూలం మగణంతో, మత్తేభం సగణంతో (రెండు లఘువులు, గురువు) మొదలవుతాయి. మూడు లఘువులు వరసగా వస్తే చంపకమాల, మూడు గురువులు వస్తే శార్దూలం. పేరు తెలిశాక మిగిలిన గణాలు సరిచూసుకోవడమే: ఉత్పలమాలకు భ ర న భ భ ర వ, చంపకమాలకు న జ భ జ జ జ ర, శార్దూలానికి మ స జ స త త గ, మత్తేభానికి స భ ర న మ య వ. యతి వరసగా 10, 11, 13, 14 స్థానాల్లో. గణాలు కుదరకపోతే మొదటి అక్షరాల్లోనే ఎక్కడో పొరపాటు పడిందన్నమాట, వెనక్కి వెళ్ళి చూడాలి. సరిచూడకుండా పేరు మాత్రం రాసి వచ్చేవాడు సగం మార్కులు అక్కడే వదిలేస్తాడు.

సంధులకూ ఇలాంటి చిట్కా ఉంది. సంస్కృత పదమైతే అతుకు దగ్గర ఏ ధ్వని వినిపిస్తోందో అడగండి. ఆ, ఈ, ఊ అయితే సవర్ణదీర్ఘం. ఏ, ఓ, అర్ అయితే గుణం (సూర్యోదయం). ఐ, ఔ అయితే వృద్ధి (ఏకైక). య, వ, ర అయితే యణాదేశం (అత్యంత). ‘వాడెక్కడ’ లాంటి తెలుగు మాటల మీద దీన్ని ప్రయోగించకూడదు, అది ఉత్వ సంధి. ముందు ‘ఇది తెలుగు మాటా, సంస్కృతమా?’ అని అడిగే అలవాటు చేయాలి.

ప్రశ్న: సాంఘిక శాస్త్రంలో మా ట్యూషన్ పిల్లలు ఎనిమిది మార్కుల జవాబు రెండు పేజీలు రాస్తారు, నాలుగు మార్కులే వస్తున్నాయి. ఇంకెంత రాయించాలి? (పెందుర్తి నుంచి ఒక టీచర్)

జవాబు: తగ్గించండి. పేపరు దిద్దేవాళ్ళు పేజీలు లెక్కపెట్టరు, అంశాలు లెక్కపెడతారు. పిల్లలు ఒకే అంశాన్ని మూడు వాక్యాల్లో తిప్పి తిప్పి చెబుతారు.

ఒక పరిశ్రమ ఫలానా చోటే ఎందుకు వెలిసింది అనే రకం ప్రశ్నకు మన ఉక్కు కర్మాగారమే ఉదాహరణ. ‘విశాఖలో పోర్టు ఉంది’ అని రాస్తే అది సమాచారం మాత్రమే, కారణం కాలేదు. ‘కోకింగ్ బొగ్గు చాలావరకు విదేశాల నుంచి ఓడల్లో వస్తుంది కాబట్టి, రేవు దగ్గరుంటే రవాణా ఖర్చు తగ్గుతుంది’ అంటే కారణం అయింది. ‘ఇనుప ఖనిజం ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా నుంచి రైలు మార్గంలో వస్తుంది కాబట్టి...’ అని రెండోది. ప్రతి అంశంలో ‘కాబట్టి’ గానీ ‘వల్ల’ గానీ ఉందా అని పిల్లల చేతే గీత గీయించండి. లేని వాక్యాలు కొట్టేయించండి. అలా ఆరు అంశాలు, ఒక్కొక్కటి రెండు వాక్యాలు, పైన ఒక ప్రారంభ వాక్యం. పేజీన్నర దాటదు.

ప్రశ్న చివర ఉన్న క్రియ చదివించడం మరవద్దు. ‘కారణాలు రాయండి’, ‘పోల్చండి’, ‘మీ అభిప్రాయం రాయండి’, ‘పట్టికను విశ్లేషించండి’ అన్న నాలుగూ వేర్వేరు పనులు. పట్టిక ఇస్తే పిల్లలు దాన్నే వాక్యాల్లో తిరగరాస్తారు. విశ్లేషణ అంటే ఎక్కువ ఎక్కడ, తక్కువ ఎక్కడ, ఏ ఏళ్ళ మధ్య మార్పు పెద్దది, దానికి కారణం ఏమై ఉండొచ్చు అన్నది. చివరిది లేని జవాబు సగమే.

పటం గురించి ఒక మాట. విశాఖను పిల్లలు తరచూ కిందికి జార్చి కాకినాడ మీద పెడుతుంటారు. ఖాళీ పటంలో 82½° తూర్పు రేఖాంశాన్ని పెన్సిల్‌తో గీయిస్తే మేలు. మన దేశ ప్రామాణిక కాలం లెక్కకు ఆధారం అదే, కాకినాడకు దగ్గరగా పోతుంది. విశాఖ దానికి కొంచెం కుడివైపున, పైన ఉంటుంది. తీరం వెంబడి పైనుంచి కిందికి శ్రీకాకుళం, విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు. గోదావరి కాకినాడకు దిగువన, కృష్ణ మచిలీపట్నానికి దిగువన కలుస్తాయి. కొల్లేరు ఆ రెండు డెల్టాల మధ్య. ఈ వరస వస్తే చుక్క ఎక్కడో తేలదు.

ప్రశ్న: జీవశాస్త్రంలో ధమనులు, సిరల తేడాలు సరిగ్గానే రాసినా మార్కులు పోయాయట. (గోపాలపట్నం)

జవాబు: బహుశా ధమనుల గురించి ఒక పేరా, సిరల గురించి ఇంకో పేరా రాసి ఉంటారు. తేడాలంటే పక్కపక్కనే రెండు నిలువు వరసలు, ఎడమన గోడల మందం రాస్తే కుడినా గోడల మందమే రాయాలి. రక్తం దిశ, పీడనం, గోడలు, కవాటాలు, నాలుగు చాలు. ‘ధమనుల్లో మంచి రక్తం’ అని మాత్రం రాయొద్దు. పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువ ఉన్న రక్తం, పుపుస సిరలో ఎక్కువ ఉన్న రక్తం ప్రవహిస్తాయి. గుండె బొమ్మలో ఎడమ జఠరిక కాగితం మీద కుడివైపు వస్తుంది, దాని గోడ మందంగా గీయాలి. భాగాల పేర్లు ఒకే పక్కన, గీతలు ఒకదాన్నొకటి దాటకుండా.

ప్రశ్న: మల్కాపురంలో నా దగ్గరికి నేవీ కుటుంబాల పిల్లలు సీబీఎస్‌ఈ వాళ్ళు, పక్క వీధి పిల్లలు స్టేట్ వాళ్ళు కలిసే వస్తారు. విడదీయాలా?

జవాబు: పాఠానికి విడదీయక్కర్లేదు, చివరి నెలలో జవాబు రాయించేటప్పుడు విడదీయండి. సీబీఎస్‌ఈలో రాతపరీక్ష 80 మార్కులకు, మిగిలిన 20 బడిలోవి. అక్కడ ఒక పేరా ఇచ్చి దాని మీద చిన్న ప్రశ్నలు అడిగే రకం తప్పకుండా ఉంటుంది. ఆ పిల్లలతో ముందు ప్రశ్నలు, తర్వాత పేరా చదివించాలి.

ప్రశ్న: ప్రశ్నను ఫోటో తీస్తే ఫోను జవాబిచ్చేస్తోంది. ఇక ట్యూషన్ ఎందుకని మా వాడి వాదన. (సీతమ్మధార)

జవాబు: జవాబు ఇస్తుంది, మీవాడు ఎక్కడ ఆగాడో దానికి తెలీదు. పూర్తిగా మానిపించే పని పెట్టుకోకండి, కుదరదు. ముందు తను రాయాలి, తర్వాత తను రాసినదాన్నే ఫోటో తీసి ‘ఏ వరసలో తప్పుంది?’ అని అడగాలి, జవాబు అడగకూడదు. వచ్చినదాన్ని పాఠ్యపుస్తకంతో సరిచూసుకోవాలి. తెలుగు మీడియం పిల్లలైతే మరీను. పుస్తకంలో వడి వేరు, వేగం వేరు. ఫోను రెంటికీ వేగమే అనేస్తుంటుంది.

ప్రశ్న: హిందీలో 20 వస్తే పాసే కదా, దాన్ని వదిలేసి లెక్కలు చూసుకోమన్నాను. సరేనా? (మద్దిలపాలెం నుంచి ఒక తండ్రి)

జవాబు: పాసుకు 20 నిజమే, మిగతా వాటికి 35. కానీ మొత్తం 600లో హిందీ 100 కూడా కలుస్తుంది. లెక్కల్లో 85ను 90 చేయడానికి పట్టే శ్రమతో హిందీలో 45ను 65 చేయొచ్చు. వాక్యాల్లో ఎక్కువగా పోయేది ‘నే’ వచ్చినప్పుడు. ‘రామ్ నే రోటీ ఖాయీ’ అనాలి, మనవాళ్ళు ‘ఖాయా’ అంటారు. ‘నే’ ఉంటే క్రియ రొట్టెను అనుసరిస్తుంది, రాముణ్ణి కాదు. రోజుకు ఇరవై నిమిషాలు చాలు.

ప్రశ్న: తెలిసినవే అయినా టైము చాలలేదని ఏడుస్తూ వచ్చింది మా పాప. ఎలా పంచుకోవాలి? (మధురవాడ)

జవాబు: స్టేట్ వాళ్ళ గణితం పేపరే చూద్దాం. ఇటీవలి పద్ధతిలో ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. మూడుంపావు గంటల్లో మొదటి 15 నిమిషాలు ప్రశ్నలు చదవడానికి. మిగిలింది 180 నిమిషాలు. ఎనిమిది మార్కుల దానికి 14 నిమిషాల చొప్పున 70, నాలుగు మార్కుల దానికి 7 చొప్పున 56, రెండు మార్కుల దానికి మూడున్నర చొప్పున 28, ఒక మార్కువన్నీ కలిపి 12. మొత్తం 166, మిగులు 14.

చదివే 15 నిమిషాల్లో ఎనిమిది మార్కుల ఐదింట్లో ప్రతిదానికీ ఉండే రెండు ప్రశ్నల్లో ‘ఎ’ రాయాలా ‘బి’ రాయాలా అన్నది తేల్చేసుకోవాలి. సగం రాశాక రెండోదానికి మారడమే పాపలాంటి వాళ్ళ టైము తినేస్తుంది. 14 నిమిషాలు దాటినా లెక్క తెగకపోతే అర పేజీ ఖాళీ వదిలి ముందుకెళ్ళాలి. రాసిన మెట్లకు మార్కులు ఎలాగూ వస్తాయి. ఇంట్లో పూర్తి పేపరు పెట్టే ముందు వారం పాటు 14 నిమిషాల అలారం పెట్టి ఒక్కొక్క పెద్ద లెక్కే చేయించండి. చివర మిగిలిన 14 నిమిషాల్లో మొదట చూడాల్సింది ప్రశ్న నంబర్లు, ఆ తర్వాత యూనిట్లు, ఆ తర్వాతే కూడికలు.